సున్నం తొట్టి మీద ప్రభుత్వాభిప్రాయం

పిల్లలు నవ్వినందుకు సంజాయిషీ అడగడం గుమ్మలవలస ఉన్నత పాఠశాలకు కొత్త కాదు. నవ్వమని ప్రభుత్వమే బస్సు పెట్టి తీసుకెళ్ళి, తీరా నవ్వాక సంజాయిషీ అడగడం మాత్రం అదే మొదలు. ఆ వ్యవహారంలో అందరికంటే ఎక్కువ నలిగినవాడు తెలుగు మేష్టారు వరాహ నరసింహం.

నరసింహం మేష్టారు చెడ్డవాడు కాడు. అలాగని ధైర్యస్థుడూ కాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పద్యాలు గొంతెత్తి పాడేవాడు. పక్కగదిలో లెక్కలాయన "ఏటండీ ఆ గోల" అన్న తర్వాత గొంతు దించి చదవడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్ళకు పిల్లల చేతే చదివించడం అలవాటు చేసుకున్నాడు. పైనుంచి ఏ కాగితం వచ్చినా "చిత్తం" అనేవాడు. అనేసి ఇంటికొచ్చి భార్య సూర్యకాంతం ముందు అరగంట సేపు తిట్టుకునేవాడు. ఆవిడ బియ్యం ఏరుకుంటూ వినేది.

అలా కాలం గడిచిపోతూండగా 'ఎగ్గొట్టిన పీరియడు' అనే సినిమా వచ్చింది. అందులో కథంటూ ఏమీ లేదు. పదో తరగతి పిల్లలు కొందరు ఆఖరి పీరియడు ఎగ్గొట్టి తోటలో మామిడికాయలు కోస్తారు. ఈలోగా ఒక మేక బడిలోకొచ్చి పరీక్ష ప్రశ్నపత్రాల కట్ట నోట కరుచుకుపోతుంది. డ్రిల్లు మేష్టారు ఈల ఊదుతూ దాని వెంట పడి, వెల్ల వేయడానికి కలిపిన సున్నం తొట్టిలో పడతాడు. లేచి, తెల్లగా మెరిసిపోతూ, మీసం మెలేస్తూ "ఎవరూ చూడలేదు గదా" అనుకుంటాడు. బడి బడంతా కిటికీల్లో ఉంటుంది. అంతే సినిమా. చూసినవాళ్ళు నవ్వుకుని, ఇంటికెళ్ళి, అన్నం తిని పడుకున్నారు.

రాజధానిలో ఒక పెద్ద అధికారి కూడా మనవడితో వెళ్ళి చూశాడు. మర్నాడు ఏదో సమావేశంలో టీ తాగుతూ "పిల్లలు చూడదగ్గ సినిమా" అన్నాడు. ఆ మాట కప్పులో టీ చల్లారేలోగా సూచన అయింది, భోజనాలవేళకు ఆదేశమైంది, సాయంత్రానికి జిల్లాలకు చేరింది.

"ఉల్లేఖిత చలనచిత్రమును ఉన్నత పాఠశాలల విద్యార్థినీ విద్యార్థులు వీక్షించి, తగు మేరకు ఆహ్లాదము పొంది, పొందిన ఆహ్లాదముపై తమ స్వంత అభిప్రాయమును సమర్పించవలెను. ఆహ్లాదము పొందని యెడల కారణములు తెలుపవలెను."

దీని అమలుకు ప్రతి బడిలోనూ ఒక ఆహ్లాద నోడల్ ఉపాధ్యాయుడు ఉండాలన్నారు. హెడ్మాస్టరు సన్యాసిరావు గారు స్టాఫ్ రూములో ఒకసారి కలయజూసి, నరసింహం దగ్గర చూపు ఆపాడు. హెడ్మాస్టరు గారు నవ్వగా చూసినవాళ్ళు ఆ బడిలో లేరు.

"లెక్కలాయనకి సిలబస్ అవలేదు. సైన్సాయనకి ల్యాబుంది. మీకేటుంది మేష్టారూ? పద్యాలే కదా. అవెక్కడికీ పారిపోవు."

"చిత్తం" అన్నాడు నరసింహం.

పిల్లల్ని బస్సులో తీసుకెళ్ళి, మహలక్ష్మి టాకీసులో వరుసల్లో కూర్చోబెట్టి సినిమా చూపించారు. పిల్లలు తగు మేరకు మించి నవ్వారు. ముందు వరుస చివర కూర్చున్న నరసింహం మొదట్లో ముఖం బిగించుకునే ఉన్నాడు. మేక కట్ట కరుచుకున్నప్పుడు పెదవి కదిలింది. సున్నం తొట్టి వచ్చేసరికి ఆయన వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని, కుర్చీ చేతుల మీద వాలిపోయి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశాడు. ఇంటికెళ్ళి సూర్యకాంతానికి చెప్పబోయి, సగంలో మళ్ళీ నవ్వొచ్చి చెప్పలేకపోయాడు. "ఓలమ్మా, మీకేటైంది" అని ఆవిడ మంచినీళ్ళిచ్చింది.

మర్నాడు పిల్లలు అభిప్రాయాలు రాశారు. చాలామంది "సినిమా బాగుంది సార్" అని రాసి ఊరుకున్నారు. ఒకడు ఇంటర్వెల్లో సమోసా బాగుందన్నాడు. పదో తరగతి గొర్లె హైమావతి మాత్రం నాలుగు వాక్యాలు రాసింది.

"ఈ సినిమాలో ఏమీ లేదు. అందుకే బాగుంది. డ్రిల్లు మేష్టారు సున్నం తొట్టిలో పడ్డప్పుడు నవ్వాపుకోలేక పక్కనున్న నాగమణి జడ లాగేశాను. మళ్ళీ చూపిస్తే మళ్ళీ చూస్తాను."

నరసింహానికి ఆ రాత ముచ్చటేసింది. దాన్ని కట్టలో అన్నిటికంటే పైన పెట్టి జిల్లా కేంద్రానికి పంపాడు.

వారం తిరక్కుండా కట్ట తిరిగొచ్చింది. జిల్లా ఆహ్లాద సమన్వయాధికారి డాక్టర్ చక్రపాణి గారు ఎర్రసిరాతో అడ్డంగా రాశారు: "ఈ అభిప్రాయములలో అభిప్రాయము లోపించినది. 'బాగుంది' అనుట నిర్ధారణకు వీలుకాని పదము. నవ్వు వలన ఒనగూడిన ఫలితము పేర్కొనబడలేదు. తెలుగు ఉపాధ్యాయుడు ఒక నమూనా అభిప్రాయమును రచించి పంపవలెను."

ఆ సాయంత్రం నరసింహానికి నిజంగానే ఒళ్ళు మండింది. వసారాలో కూర్చుని కసిగా రాసి పడేశాడు.

"ఈ చిత్రరాజము విద్యార్థులలో క్రమశిక్షణ, సమయపాలన, పశుసంరక్షణ అను త్రివిధ సద్గుణములను పెంపొందించుచున్నది. ప్రశ్నపత్రమును భక్షించిన మేక, జ్ఞానము సకల జీవరాశికిని అందవలెనను సందేశమునకు ప్రతీక. డ్రిల్లు ఉపాధ్యాయుడు సున్నపు తొట్టిలో పడుట పరిశుభ్రతకు నిదర్శనము. ఇట్టి సన్నివేశములను తిలకించి మేము గంభీరముగా ఆనందించితిమి."

సూర్యకాంతం చదివి మొగుడి ముఖంలోకి చూసింది. "ఎటకారం చేసేరేటి?"

"చేసేను."

"వాళ్ళకి తెలిసిపోదూ?"

"తెలిస్తే బాగుణ్ణు."

తెలియలేదు. చక్రపాణి గారు దాన్ని రాజధానికి పంపారు. అక్కడ ఒక సంఘం కూర్చుని 'గంభీరముగా' అన్న మాట కింద గీత గీసి, దాన్నే రాష్ట్ర నమూనాగా ఆమోదించింది. జిల్లా కేంద్రంలో సభ పెట్టి నరసింహానికి శాలువా కప్పారు. "హాస్యాన్ని క్రమబద్ధీకరించిన తొలి తెలుగువాడు" అని చక్రపాణి గారు మైకులో అన్నారు. అది ఎగతాళికి రాసిందని చెప్పడానికి నరసింహం నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే ఫోటో తీశారు. మర్నాడు పేపర్లో ఆయన ఆనందాశ్చర్యాలతో నోరు తెరిచిన బొమ్మ పడింది. ఊళ్ళో కొట్టువాళ్ళు లేచి నమస్కారం పెట్టడం మొదలెట్టారు. నాలుగు నమస్కారాలు అందుకునేసరికి, మేక నిజంగానే దేనికో ప్రతీక అయి ఉండొచ్చని ఆయనకూ అనిపించసాగింది.

ఆ తర్వాత బండి ఎక్కడా ఆగలేదు. అభిప్రాయాన్ని పదో తరగతిలో ఒక సబ్జెక్టు చేశారు. అందులో తప్పితే అసలు పరీక్షకు హాల్‌టికెట్టు ఉండదన్నారు. మార్కెట్టులో 'అభిప్రాయ దీపిక' అని గైడు వచ్చింది. బస్టాండు ఎదురుగా ట్యుటోరియల్ వాళ్ళు "సొంత అభిప్రాయం, గ్యారంటీగా నేర్పబడును" అని బోర్డు కట్టారు.

ముందుగా ఒక మాదిరి పరీక్ష పెట్టి చూస్తే చిత్రమైన సంగతి బయటపడింది. సినిమా చూడని పిల్లలకు బ్రహ్మాండంగా మార్కులు వచ్చాయి. చూసినవాళ్ళు తన్నేశారు. పశుసంరక్షణ దాకా బాగానే రాసి, సున్నం తొట్టి దగ్గరికి రాగానే దారి తప్పి, ఆయన ఎలా పడ్డాడో, మీసం ఎలా తెల్లబడిందో వర్ణించుకుంటూ పోయారు. ఒక కుర్రాడైతే బొమ్మ కూడా వేశాడు.

చక్రపాణి గారు హుటాహుటిన సమీక్ష జరిపారు. "వీక్షణము అభిప్రాయమునకు ఆటంకమగుచున్నట్లు గణాంకములు ఘోషించుచున్నవి" అని తేల్చారు. దాంతో పరీక్షలు ముగిసేదాకా సినిమా ప్రదర్శన నిషేధించారు. టాకీసు యజమాని వచ్చి గొల్లుమన్నాడు. "అయ్యా, చూడమన్నదీ మీరే, చూడొద్దన్నదీ మీరే. నేను తెర ఎత్తాలా, దించాలా?" దానికి సమాధానంగా తెర మీద దుప్పటి కప్పించి, హాలును అభిప్రాయ పరీక్షా కేంద్రంగా తీసుకున్నారు.

ఇప్పటికే చూసేసిన పిల్లల మాటేమిటి? వాళ్ళకు 'విస్మరణ తరగతులు' పెట్టమన్నారు. గుమ్మలవలసలో ఆ బాధ్యత రాష్ట్ర నమూనా అభిప్రాయకర్తకు కాక ఇంకెవరికి పడుతుంది? నరసింహం రోజూ సాయంత్రం బడి వదిలాక పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి మరిచిపోవడం నేర్పించాడు.

"డ్రిల్లు మేష్టారు దేంట్లో పడ్డారు?"

"ఎవరూ పడలేదు సార్!" పిల్లలంతా ఒక్క గొంతుతో అరిచేవారు.

"మేక ఏటి తింది?"

"మేక లేదు సార్!"

"మనం సినిమాకి వెళ్ళేమా?"

"ఏ సినిమా సార్?"

ఈ చివరి జవాబు చెప్పేటప్పుడు వెనక బెంచీలో ఎవరో ఒకరు కిసుక్కుమనేవారు. ఆ కిసుక్కుతో అందరికీ మొత్తం సినిమా మళ్ళీ గుర్తొచ్చేది. మర్నాడు మళ్ళీ మొదటినుంచి మరిచిపోవాల్సి వచ్చేది. 

అభిప్రాయ పరీక్ష జరిగింది. ఫలితాలొచ్చాయి. గుమ్మలవలసలో అందరూ గట్టెక్కారు, హైమావతి తప్ప. ఆ పిల్ల మళ్ళీ ఆ నాలుగు వాక్యాలే రాసింది. చక్రపాణి గారి కార్యాలయం నుంచి వచ్చిన కాగితంలో "అభిప్రాయరహిత అభ్యర్థిని. హాల్‌టికెట్టు నిలుపుదల చేయడమైనది" అని ఉంది.

మర్నాడు పొద్దున్నే హైమ తల్లి నారాయణమ్మ బడికి వచ్చింది. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పని. పిక్కల జీడి అంటి వేళ్ళన్నీ నల్లబడి ఉన్నాయి. నరసింహం క్లాసు గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రానంది.

"బడిలో పెట్టిన పరీక్షల్లో మా గుంటకి లెక్కల్లో వచ్చేయి, సైన్సులో వచ్చేయి, ఇంగ్లీషులో కూడా వచ్చేయి. నవ్విందని పదో తరగతి ఆపేత్తారేటి బాబూ?"

"నవ్వినందుకు కాదమ్మా. నవ్విందని రాసినందుకు."

"అయితే రాయకుండా నవ్వాలేటి?" అంది ఆవిడ. "మేస్త్రీ ఎప్పట్నించో అడుగుతున్నాడు బాబూ, పిల్లని కూడా పనిలోకి తెచ్చీమని. చదువుకుంటంది, తేనని చెప్తన్నాను. ఇప్పుడేటని చెప్పేది?"

నరసింహం ఆవిడ వేళ్ళకేసి చూసి తల తిప్పుకున్నాడు. మధ్యాహ్నం హైమని స్టాఫ్ రూముకి పిలిచాడు. సన్నటి పిల్ల. ఎవరితో మాట్లాడినా ఎదుటివాళ్ళ ముఖంలోకి తిన్నగా చూస్తుంది. అది ధిక్కారమని కొత్తవాళ్ళు అనుకుంటారు కానీ, చూపే అంత.

"నమూనా ఇచ్చేను కదమ్మా. కంఠతా పట్టలేకపోయేవా?"

"పట్టేను సార్. అప్పజెప్పమంటారా?" అని, 'ఈ చిత్రరాజము' దగ్గర్నుంచి 'గంభీరముగా ఆనందించితిమి' దాకా ఒక్క అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"మరి అదే రాయొచ్చు కదా!"

"ప్రశ్నలో 'నీ అభిప్రాయమును రాయుము' అన్నారు సార్. 'నీ' అన్నది ఏకవచనం కదండీ. ఆనందించితిమి అంటే బహువచనం."

తెలుగు మేష్టారికి దీనికి వ్యాకరణంలో సమాధానం దొరకలేదు. గొంతు తగ్గించి అన్నాడు. "చూడు తల్లీ, మళ్ళీ రాయడానికి అవకాశం ఇప్పిస్తాను. నేను రాసినట్టే రాసీ. పోయేదేటుంది?"

"అది మీ అభిప్రాయం కూడా కాదు కదా సార్. మీరూ నవ్వేరు. నేను మీ వెనకే కూర్చున్నాను. కళ్ళజోడు రెండుసార్లు తీసి తుడుచుకున్నారు."

నరసింహం చుట్టూ చూశాడు. అదృష్టవశాత్తూ ఎవరూ లేరు. ఎవరూ లేరని తను చూసుకున్నందుకే ఆయనకు ఎక్కువ సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆయన ఒక పని చేశాడు. ఉద్యోగంలో ఎన్నడూ చేయనిది. అడక్కుండానే పై అధికారులకు కాగితం రాశాడు. అభ్యర్థిని నవ్వు నిజమైనదేననీ, విచారించి న్యాయం చేయమనీ కోరాడు. రాజధానిలో 'విచారించి' అన్న ముక్క అందరికీ నచ్చింది. డాక్టర్ చక్రపాణి గారి అధ్యక్షతన ముగ్గురు సభ్యుల నవ్వు నిర్ధారణ సంఘం వేశారు.

సంఘం పొద్దున్నే జీపులో దిగింది. ముగ్గురికీ సఫారీ సూట్లే. సభ్యుల్లో ఒకాయన బక్కపలచన, ఇంకొకాయన బాగా దుక్క. బడి ఆవరణలో బల్ల వేసి, మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. పిల్లలందర్నీ తరగతి గదుల్లోనే ఉంచి, విచారణ అయ్యేదాకా నవ్వరాదని సన్యాసిరావు గారు గది గదికీ వెళ్ళి చెప్పొచ్చారు. హైమ బల్ల ముందు నిలబడింది. నారాయణమ్మ పూట కూలి మానుకుని వచ్చి స్తంభం పక్కన నిలబడింది.

"అమ్మాయీ, నీ నవ్వు స్వచ్ఛందమా, ప్రేరేపితమా?" అన్నారు చక్రపాణి గారు.

"వచ్చిందండి."

"ఎచ్చటి నుండి?"

హైమ ఆలోచించి "కడుపులోంచండి" అంది. బక్కాయన రాసుకున్నాడు.

"సదరు సన్నివేశములో నవ్వదగిన అంశమేమిటో సంఘమునకు వివరింపుము."

హైమ చెప్పింది. మేక వచ్చింది, కట్ట తీసుకుపోయింది, మేష్టారు పరిగెత్తాడు, తొట్టిలో పడ్డాడు, లేచాడు. ముగ్గురూ చివరిదాకా విని, ఇంకా ఏమైనా ఉందేమోనని ఎదురుచూశారు.

"ఇందు నవ్వదగినది కనబడుటలేదే" అన్నారు చక్రపాణి గారు.

"చెప్తే రాదండి. చూస్తే వస్తుంది. మీరోసారి చూడండి."

"అది వీలుపడదు. వీక్షణమును నిషేధించినది మేమే."

సంఘం తలలు దగ్గర పెట్టి మంతనాలాడింది. సినిమా చూడకూడదు గానీ సంఘటనను పునర్నిర్మించకూడదని ఎక్కడా లేదని తేలింది. వెంటనే మధ్యాహ్న భోజనం వండే అప్పలకొండ మేకను తెప్పించారు. తొట్టికి నిధులు మంజూరు కాలేదు కనుక నేల మీద సుద్దముక్కతో తొట్టి గీశారు. డ్రిల్లు మేష్టారి పాత్ర సహజంగానే నరసింహానికి పడింది.

"చిత్తం" అన్నాడు ఆయన. ఈల మెళ్ళో వేసుకున్నాడు. మేక కదల్లేదు. అప్పలకొండ వెనకనుంచి అదిలిస్తే నాలుగడుగులు వేసి, బల్ల మీది ఆకుపచ్చ గుడ్డ అంచు నమలసాగింది. నరసింహం దాని వైపు మర్యాదగా పరిగెత్తి, సుద్దగీత దగ్గర ఆగి, పంచె సర్దుకుని, లోపల మెల్లగా కూర్చున్నాడు. ఎక్కడా చిన్న చప్పుడు లేదు.

"నవ్వు రుజువు కాలేదు" అన్నారు చక్రపాణి గారు.

"క్షమించాలి సార్. పతనం సరిగా లేదు" అన్నాడు బక్కాయన. "పరుగెత్తువాడు ముందుకు బోర్లా పడవలెను. ఇతడు కూర్చున్నాడు."

"తొట్టి అంచు తగిలితే వెల్లకిలా పడతాడు గానీ బోర్లా ఎట్లా పడతాడయ్యా?" అన్నాడు దుక్కాయన.

"ఊపు ముందుకు కదండీ!"

"అంచు వెనక్కి నెడుతుంది కదండీ!"

మాటా మాటా పెరిగింది. నిరూపించండి అన్నాడు ఒకాయన. మీరే నిరూపించండి అన్నాడు రెండో ఆయన. బక్కాయన బూట్లు విప్పి, దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, ఎంతో నిష్ఠగా బోర్లా పడ్డాడు. లేచి మోకాలి దుమ్ము దులుపుకుంటూ "చూశారా" అన్నాడు. "గీత బయట పడ్డావు. చెల్లదు" అని దుక్కాయన లేచాడు. ఆయన నాలుగడుగులు వేసి వెల్లకిలా పడ్డాడు. ఆవరణ అదిరింది. చొక్కా గుండీ ఒకటి ఎగిరి చక్రపాణి గారి బల్ల మీద పడింది.

"ఇద్దరిదీ శాస్త్రీయము కాదు" అని చక్రపాణి గారు ఉరిమారు. "అసలు పతనమున మూడు దశలుండును. తడబాటు, తూలుట, పాటు." కళ్ళజోడు తీసి హెడ్మాస్టరు చేతికిచ్చి, చేతులు చాపి, మొదటి దశ చూపించారు. రెండో దశ చూపించారు. మూడో దశకు ముగ్గురూ కలిసి, ఒకరి లెక్క ఒకరు సరిచేసుకుంటూ, సుద్ద తొట్టిలోకి మళ్ళీ మళ్ళీ పడసాగారు. ఒకాయన లేస్తే ఇంకొకాయన పడతాడు. ఇద్దరూ లేస్తే మూడో ఆయన "అట్లు కాదు, ఇట్లు" అంటూ పడతాడు. సూట్లు ఎర్రమట్టి కొట్టుకుపోయాయి. ముగ్గురి ముఖాల్లోనూ పరమ శ్రద్ధ తప్ప మరొకటి లేదు.

కిటికీల నిండా పిల్లల తలకాయలు. నవ్వకూడదని చెప్పారు కనుక ఎవరూ నవ్వడం లేదు. బుగ్గలు బూరెల్లా పొంగాయి. కొందరు చొక్కా కాలరు నోట్లో కుక్కుకున్నారు. హైమ తల వంచుకుని కాలి బొటనవేలితో నేల గీస్తోంది. భుజాలు మాత్రం వణుకుతున్నాయి.

అప్పుడు ఎక్కడినుంచో కుక్కరు కూతలాంటి చప్పుడు ఒకటి వచ్చింది. అందరూ తిరిగి చూశారు. హెడ్మాస్టరు సన్యాసిరావు గారు. ఒక చేతిలో చక్రపాణి గారి కళ్ళజోడు, రెండో చేత్తో స్తంభం పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరాడక, "ఓరి నాయనోయ్, ఓరి నా తండ్రోయ్" అంటూ జారిపోతున్నాడు. నారాయణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని "ఇదేటి విడ్డూరమే తల్లీ!" అంటూ పక్కున నవ్వేసింది. ఆ మీదట ఎవరివల్లా కాలేదు. బడి బడంతా పగలబడి నవ్వింది. బెంచీలు దబదబా కొట్టారు. నరసింహం మేష్టారు తొట్టి పక్కన నేల మీద కూలబడి, కళ్ళజోడు ఎటో పోగా, కళ్ళనీళ్ళు కారుతూ నవ్వాడు.

"ఆపండి! ఎందులకు నవ్వుచున్నారు?" అని గర్జించారు చక్రపాణి గారు, మట్టిలో కూర్చునే.

ఎవరూ చెప్పలేకపోయారు. చెప్పబోయినవాళ్ళు మళ్ళీ నవ్వారు.

చివరికి అంతా అలిసి చల్లారాక, చక్రపాణి గారు లేచి బల్ల దగ్గర కూర్చున్నారు. బల్ల మీద గుడ్డ సగమే ఉంది.

"నరసింహం గారూ, మీరును నవ్వితిరా?"

హైమ తలెత్తి చూసింది. నరసింహం గొంతు దాకా ఒక "చిత్తం" వచ్చింది గానీ, ఆ ప్రశ్నకు అది అతకలేదు.

"నవ్వేనండి" అన్నాడు. "ఇప్పుడూ నవ్వేను. అప్పుడు టాకీసులోనూ నవ్వేను. గంభీరంగా ఆనందించలేదండి. మామూలుగానే నవ్వేను. ఆ నమూనా ఎగతాళికి రాసింది. మేక దేనికీ ప్రతీక కాదు. ఈ పిల్ల రాసిందే అసలు అభిప్రాయం."

చక్రపాణి గారి ముఖం సున్నంలా తెల్లబడింది. "మీరు నవ్వినచో నమూనా చెల్లదు. నమూనా చెల్లనిచో రాష్ట్రములో విద్యార్థులందరి మార్కులు చెల్లవు. అవి చెల్లనిచో..." ఆయన పైకి చూశారు, రాజధాని ఆకాశంలో ఉన్నట్టు. ఆ వాక్యం పూర్తి చేసే సాహసం చేయలేదు. మళ్ళీ ముగ్గురూ తలలు దగ్గర పెట్టారు. బక్కాయన ఏదో గొణిగాడు. చక్రపాణి గారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది.

"నవ్వు అభిప్రాయము కాదు. నవ్వు లక్షణము."

"లక్షణం అంటే ఏటండి?" అన్నాడు హెడ్మాస్టరు, కళ్ళజోడు తిరిగిచ్చేస్తూ.

"వ్యాధి లక్షణము. సదరు బాలిక హాస్యపీడితురాలు. అట్టివారికి అభిప్రాయ పరీక్ష నుండి మినహాయింపు కలదు. ఇకమీదట ఉండును. ప్రభుత్వ వైద్యుని ధ్రువపత్రము జతపరచవలెను. నరసింహం గారు సైతము ధ్రువపత్రము సమర్పించవలెను. సమర్పించినచో నమూనా రచించునాటికి వారు ఆరోగ్యవంతులుగా ఉండిరనియు, తదుపరి జబ్బుపడిరనియు భావించబడును. సమర్పించనిచో సస్పెన్షను."

మేకను అప్పలకొండకు అప్పజెప్పి, సంఘం జీపెక్కింది.

గుమ్మలవలస ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు విజయభారతి మొదటి ధ్రువపత్రం హైమకు ఇచ్చింది. ఆ పిల్లకు హాల్‌టికెట్టు వచ్చింది. పరీక్షలు రాసింది. రావలసిన మార్కులే వచ్చాయి. పక్క పట్నంలో పాలిటెక్నిక్‌లో సీటూ వచ్చింది. మేస్త్రీకి ఏం చెప్పాలో నారాయణమ్మకు తెలిసింది.

కానీ హైమకు కాగితం దొరికిన మర్నాటినుంచే సంగతి ఊళ్ళో పాకింది. కింది తరగతుల పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, పక్క ఊళ్ళవాళ్ళు ఆసుపత్రి ముందు బారులు తీరారు. మాకూ ఆ జబ్బే ఉందన్నారు. కళ్ళారా చూడకుండా రాసివ్వనంది డాక్టరమ్మ. నవ్వమంటే ఎవరికీ రాదు. నవ్వు రాక బిక్కముఖం వేసినవాణ్ణి చూసి వెనకవాడికి వచ్చేది. అలా ఒకరి పుణ్యాన ఒకరికి ధ్రువపత్రాలు అందాయి. ట్యుటోరియల్ బోర్డు రాత్రికి రాత్రి మాయమైంది. టాకీసులో దుప్పటి తీసేశారు.

బారు చివర నరసింహం మేష్టారు నిలబడ్డాడు. ముందున్న పిల్లలు దారి ఇస్తామన్నా వద్దన్నాడు. తన వంతు వచ్చాక లోపలికెళ్ళి స్టూలు మీద కూర్చుని, సంఘం వారి కాగితం ముందు పెట్టాడు. డాక్టరమ్మ చదివి, స్టెతస్కోపు గుండెమీద ఆనించి, నాలుక చూసి, కలం తీసుకుంది.

"ఎన్నాళ్ళనుంచి ఉందండీ మేష్టారూ, ఈ నవ్వు?"

నరసింహం కిటికీలోంచి బారుకేసి చూశాడు. అక్కడ ఎవడో బలవంతంగా నవ్వబోయి దగ్గుతున్నాడు. వాడి చుట్టూ ఉన్నవాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు.

"చిన్నప్పట్నుంచీ ఉండేదండి" అన్నాడు. "ఉద్యోగంలో చేరేక తగ్గిపోయింది. తగ్గిపోయిందనే అనుకున్నాను."